పది లక్షలు తేకపోయినా



2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో ఒక యువరైతు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వాహనాల షోరూముకు వెళ్లాడు. సరుకులు వేసుకునే బండి ఒకటి కొనాలని అతని ఉద్దేశం. వాళ్ల వాలకం చూసి, జేబులో పది రూపాయలు కూడా ఉండవు, పది లక్షల బండి కొంటారా అన్న ధోరణిలో సేల్స్‌మన్ మాట్లాడాడని ఆ రైతు ఆరోపించాడు. పంతం పట్టి వెళ్లి, కొద్దిసేపట్లోనే పది లక్షలు పోగుచేసుకుని తిరిగొచ్చాడు. బండి ఇప్పుడే ఇవ్వండన్నాడు. అప్పటికప్పుడు ఇవ్వడం కుదరదన్నారు షోరూమువాళ్లు. తగవు పోలీసుల దాకా వెళ్లింది. తర్వాత షోరూము క్షమాపణ చెప్పింది, బండిని అతనికి అప్పగించింది. వ్యక్తి గౌరవాన్ని నిలబెట్టడం తమ సంస్థకు ముఖ్యమైన విలువ అని ఆ వాహన కంపెనీ అధిపతి అందరికీ తెలిసేలా రాశారు.

ఈ ఉదంతం మన ఫోన్లలో కూడా చాలా రోజులు తిరిగింది. భలే బుద్ధి చెప్పాడు అనుకుంటూ ఒకరికొకరు పంపుకున్నాం. రైతుకి జరిగిన అవమానానికి మనసు కష్టపడిన మాట నిజం. డబ్బు సంచితో తిరిగొచ్చాడని విని సంతోషించిన మాటా నిజమే.

నేను మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ఆ రోజు అతనికి ఆ పది లక్షలు దొరక్కపోతే? చేబదులు పుట్టక, బ్యాంకు కట్టేసి ఉండి, వెళ్లిన దారినే తలవంచుకుని బస్సెక్కి ఊరికి పోయి ఉంటే? అప్పుడు సేల్స్‌మన్ వేసిన అంచనా సరైనదే అయ్యేది. అంచనా సరైనదైనంత మాత్రాన అన్న మాట సరైనదైపోతుందా? ఈ సాయంత్రం నేను మీతో మాట్లాడదలుచుకున్నది ఈ ప్రశ్న గురించే.

మనకి ఇష్టమైన కథలు చాలావరకు ఇదే బాణీలో ఉంటాయి. చిరుగు చొక్కాతో వచ్చినాయన చివరికి కోటీశ్వరుడని తేలతాడు. హోటల్లో మూలన కూర్చోబెట్టిన ముసలావిడ కలెక్టరుగారి తల్లి అని తెలుస్తుంది. అవమానించినవాడు నాలుక కరుచుకుంటాడు. ఈ కథలు విని పిల్లలు నేర్చుకునేదేమిటి? చూడ్డానికి పేదగా ఉన్నవాడి దగ్గర డబ్బుండొచ్చు, కాబట్టి జాగ్రత్త అని. నిజంగా డబ్బు లేనివాడి మాట ఆ కథలో ఎక్కడా రాదు. గౌరవం మళ్లీ డబ్బుకే దక్కింది, కాస్త ఆలస్యంగా దక్కింది, అంతే.

రచయిత్రి సుధామూర్తిగారు 2017లో వచ్చిన తన ఆంగ్ల వ్యాసాల పుస్తకంలో లండన్ హీత్రూ విమానాశ్రయంలో తనకు ఎదురైన అనుభవం రాశారు. ఆవిడ మామూలు సల్వార్ కమీజ్‌లో బిజినెస్ క్లాస్ వరుసలో నిలబడి ఉంటే, ఖరీదైన దుస్తుల్లో ఉన్న ఒకావిడ, మీ వరుస ఇది కాదు, ఎకానమీ వాళ్ల వరుస అటు ఉంది అన్నట్టు చెప్పింది. ఎకానమీలో వెళ్లేవాళ్లని పశువుల తరగతి అంటూ తీసిపారేసింది. గమనించండి, ఆ మాట అన్నది విమాన సంస్థ ఉద్యోగి కాదు, సాటి ప్రయాణికురాలు. సుధామూర్తిగారు కోపం తెచ్చుకోకుండా, క్లాస్ అనేది డబ్బుతో రాదనే సంగతిని ఆ సందర్భంగా రాశారు. చదివిన మనలో చాలామందికి మాత్రం, ఇన్ఫోసిస్ కుటుంబానికి చెందిన మనిషిని అంత మాట అంటారా అన్న కోపమే ముందొచ్చింది. పక్క వరుసలో సామాన్లు మోసుకుంటూ నిలబడ్డ ఎకానమీ ప్రయాణికుల గురించి ఎవరికీ ఆలోచన రాలేదు. ఆ మాట అసలు తగిలింది వాళ్లకి కదా.

మన బస్సుల్లోకి వద్దాం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు, ఆ టికెట్ల లెక్క ప్రకారం ప్రభుత్వం సంస్థకి సొమ్ము చెల్లించాలి. అంటే అది ఎవరో దయతలచి ఇచ్చిన సీటు కాదు. అయినా, ‘ఫ్రీగా వచ్చేవాళ్లకి సీట్లు కూడానా’ అనే గొణుగుడు ఆ బస్సుల్లో వినని ఆడవాళ్లు తక్కువ. డబ్బిచ్చి టికెట్టు తీసుకున్న మగవాళ్లు అంటారు, ఒక్కోసారి సిబ్బందీ అంటారు. కూలిపనికి వెళ్లే మనిషి ఆ మాట విని కిటికీ వైపు తిరిగి కూర్చుంటుంది. చేతిలో నోటు కనపడకపోతే మర్యాద ఎంత తొందరగా తగ్గిపోతుందో తెలియాలంటే ఆ బస్సెక్కితే చాలు.

ఇక షాపుల సంగతి. పెద్ద బట్టల షాపు గుమ్మం దగ్గర కాసేపు నిలబడి చూడండి. లోపలి సిబ్బంది చూపు ముందు పడేది మనిషి మొహం మీద కాదు, కాళ్ల మీద. హవాయి చెప్పులా, తోలు చెప్పులా, బూట్లా? తర్వాత చేతిలో ఉన్నది ప్లాస్టిక్ సంచా, హ్యాండ్‌బ్యాగా? ఆ తర్వాతే మొహం. ఈ లెక్కంతా రెప్పపాటులో అయిపోతుంది. ఒకరికి ‘రండి మేడమ్, కూర్చోండి, మంచినీళ్లు తీసుకుంటారా’ అని వినిపిస్తుంది. ఇంకొకరికి ‘ఏ రేంజిలో చూపించమంటావమ్మా’ అని వినిపిస్తుంది. చీర రంగు చెప్పకముందే, పెళ్లికా పండక్కా అని అడక్కముందే, రేటు అడుగుతారు. ఆ ప్రశ్న వేసే తీరులోనే జవాబు ఉంటుంది. ఆవిడ ఏదో ఒక చిన్న అంకె చెప్పి, వాళ్లు చెయ్యి చూపించిన ఆఫర్ల సెక్షన్‌కి వెళుతుంది. నిజానికి కూతురి పెళ్లికి ఒక మంచి పట్టుచీర చూడాలని వచ్చి ఉండొచ్చు. కొనకపోయినా పట్టుకుని చూసి, రేటు కనుక్కుని, ఇంకో ఏడాది చీటీ కట్టి కొందామనుకుని ఉండొచ్చు. అలా చూసిపోయే హక్కు కారులో వచ్చినవాళ్లకి ఉంది. వాళ్లు యాభై చీరలు విప్పించి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్లిపోయినా నవ్వుతూనే సాగనంపుతారు.

దీనికి సేల్స్‌మన్ ఒక్కడినే తప్పు పట్టి ఊరుకోలేం. అతనికి నెలకింత అమ్మాలని టార్గెట్ ఉంటుంది. అమ్మకాన్ని బట్టి ఇన్సెంటివ్ ఉంటుంది. కొననివాళ్లకి చూపించిన గంట అతని లెక్కలో పోయిన గంట. వెనక నుంచి ఫ్లోర్ మేనేజర్ చూస్తూ ఉంటాడు. చూడగానే మనిషిని అంచనా కట్టడమే నేర్పు అని అతనికి నేర్పింది గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్లు. ఆ నేర్పు లేనివాడు ఆ ఉద్యోగంలో నిలవడు.

వెనకటి రోజుల్లో ఇలా ఉండేది కాదని కొంతమంది పెద్దవాళ్లు అంటారు. అందులో కొంత నిజముంది. పాత బట్టల కొట్లలో పరుపుల మీద తెల్లదుప్పట్లు పరిచి ఉండేవి. వచ్చినవాళ్లు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి రావాలి. రైతైనా లాయరైనా పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అందరి కాళ్లూ ఒక్కటే. మిర్చి అమ్ముకుని నేరుగా బజారుకొచ్చిన గుంటూరు వైపు రైతు పంచె మీద దుమ్మున్నా, అతని మొలలో డబ్బుందని కొట్టాయనకి తెలుసు. ముందు మంచినీళ్లిచ్చేవాడు. కానీ ఆ పరుపు మీదికి రానివ్వని మనుషులూ ఉండేవారు. దళితుడు వస్తే గుమ్మం బయటే నిలబెట్టి, బట్ట విసిరి, డబ్బులు కింద పెట్టించి నీళ్లు చల్లి తీసుకున్న ఊళ్లు ఈ నేల మీదే ఉన్నాయి. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో నిన్నమొన్నటి దాకా నడిచింది. దాని మీద పోరాడిన సంఘాలకి, పెట్టిన కేసులకి తెలుసు అది ఎంత మొండిదో. కొన్నిచోట్ల గాజుగ్లాసు పోయి ప్లాస్టిక్ గ్లాసు వచ్చాక తేడా కంటికి కనపడకుండా పోయింది, అంతమాత్రాన మనసులోంచి పోయిందని చెప్పలేం. మనిషిని చూడగానే తూకం వేసే అలవాటు మాల్స్‌తో వచ్చింది కాదు. కులాన్ని చూసిన కళ్లే ఇవాళ చెప్పుల్ని చూస్తున్నాయి.

అందుకే రాజ్యాంగం ఈ విషయాన్ని వదిలెయ్యలేదు. పదిహేనో అధికరణంలోని రెండో క్లాజు, దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లు, వినోద స్థలాల్లోకి వెళ్లనివ్వకుండా మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ ఆపకూడదని చెబుతుంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో ఈ భాగం చర్చకు వచ్చినప్పుడు, ఇక్కడ దుకాణం అంటే ఏమిటని సభ్యులు అడిగారు. అంబేడ్కర్ ఇచ్చిన వివరణ ఇవాళ్టికీ మనం తలుచుకోవలసింది. గుమ్మం దాటి లోపలికి రానివ్వడం ఒక్కటే ఇందులో ఉద్దేశం కాదని, షరతులకు ఒప్పుకున్న మనిషికి అక్కడి సేవ అందాలన్న విశాలమైన అర్థంలో ఆ మాట వాడామని ఆయన చెప్పారు. లోపలికి రానిచ్చి పలకరించకుండా నిలబెట్టడం కూడా తప్పే అన్న గ్రహింపు ఆయన మాటలో ఉంది. గుమ్మం బయట నిలబడిన అనుభవం ఉన్నవాడికే అంత స్పష్టంగా తెలుస్తుంది.

ఆ క్లాజులో కట్టుకున్న బట్టల ప్రస్తావన లేదు. ఆ లోటు 2014లో తమిళనాడులో బయటపడింది. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు పంచె కట్టుకుని చెన్నైలోని ఒక క్రికెట్ క్లబ్బుకి పుస్తకావిష్కరణకి వెళితే లోపలికి రానివ్వలేదు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. అప్పటి జయలలిత ప్రభుత్వం కొన్ని వారాల్లోనే, పంచె కట్టుకున్నారనే కారణంతో క్లబ్బులు, హాళ్లు, మాల్స్ వంటి చోట్లకి ఎవరినీ రాకుండా ఆపకూడదంటూ చట్టం తెచ్చింది. మంచి చట్టం. కానీ దాన్ని కదిలించింది ఒక న్యాయమూర్తికి జరిగిన అవమానం. ఆయన కన్నా ముందు అదే గుమ్మం దగ్గర ఎంతమంది వెనక్కి తిరిగి ఉంటారు?

మన వినియోగదారుల రక్షణ చట్టం కూడా గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి దాకా రాదు. ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడంటే సొమ్ము చెల్లించి, లేదా చెల్లిస్తానని ఒప్పుకుని వస్తువో సేవో తీసుకున్నవాడు. అసలు లోపలికే రానివ్వలేదు, ఏమీ అమ్మలేదు అంటే అతను వినియోగదారుడే కాకుండా పోతాడు. బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు 2014 డిసెంబరులో ఖాతాదారుల హక్కుల పత్రం ఒకటి విడుదల చేసింది. అందులో మొదటిదే న్యాయమైన మర్యాద పొందే హక్కు. అయినా పింఛను డబ్బుల కోసం వచ్చిన ముసలమ్మ విత్‌డ్రాయల్ ఫారం నింపించుకోవడానికి ఎంతమంది మొహాలు చూడాలో పల్లెటూరి బ్యాంకుకి వెళ్లే ప్రతివాళ్లకీ తెలుసు.

2024లో బెంగళూరులో రెండు సంఘటనలు వరుసగా జరిగాయి. ఫిబ్రవరిలో మెట్రో స్టేషన్లో ఒక రైతుని, మూట నెత్తిన పెట్టుకుని మాసిన బట్టలతో వచ్చాడని లోపలికి వెళ్లనివ్వలేదు. అతని దగ్గర టికెట్టు ఉంది. తోటి ప్రయాణికులు నిలదీసి, వాదించి అతన్ని లోపలికి తీసుకెళ్లారు. జులైలో ఒక మాల్ దగ్గర పంచె కట్టుకున్న పెద్దాయనని ఆపేశారు. కొడుకు సినిమాకి ముందే టికెట్లు కొని ఆయన్ని తీసుకొచ్చాడు. విషయం శాసనసభ దాకా వెళ్లింది, ఆ మాల్‌ని ఏడు రోజులు మూయిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

మెట్రో ఘటనలో వెంటనే పడిన వేటు ఒక సెక్యూరిటీ సూపర్‌వైజరు మీద. అతని ఉద్యోగం పోయింది. తప్పు చేశాడు, కాదనను. కానీ ఇలాంటి గొడవల్లో తరచూ గుమ్మం దగ్గర యూనిఫాం వేసుకున్నవాడే పోతాడు. అలాంటి వారిని ఆపు అని నోటిమాటగా చెప్పిన మనిషి ఏసీ గదిలోనే ఉంటాడు. మాల్ దగ్గర నిలబడే గార్డులు ఎక్కడి నుంచి వచ్చినవాళ్లు? పల్లెల నుంచి వచ్చినవాళ్లే. పన్నెండు గంటల డ్యూటీ చేసే మనుషులే. వాళ్ల నాన్నలూ పంచెలే కడతారు. తండ్రి లాంటి మనిషిని ఆపమని కొడుకు లాంటి మనిషికి చెప్పడం కన్నా దుర్మార్గం నాకు కనపడదు.

మెట్రో ఘటనలో నాకు ధైర్యం ఇచ్చింది ఒకటుంది. ఆ రైతు వెనక వరుసలో ఉన్న మామూలు ప్రయాణికులు ఊరుకోలేదు. ఆగి, ఏ నియమం ప్రకారం ఆపారో చెప్పమన్నారు. చెప్పడానికి అలాంటి నియమమేదీ లేకపోయింది.

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. కౌంటర్‌కి ఇవతల నిలబడే మనం తక్కువేం కాదు. వేషం చూసి మనిషిని కొలిచే పని మనమూ రోజూ చేస్తున్నాం. మనకి కనిపించే వేషం యూనిఫాం. హోటల్లో సర్వర్‌ని ‘ఏయ్’ అని చిటికేసి పిలుస్తాం. మన నాన్న వయసున్న వాచ్‌మన్‌ని ‘నువ్వు’ అంటాం, మన పిల్లల చేత అనిపిస్తాం. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, వేలితో చూపిస్తూ ఆర్డరిస్తాం. బిల్లు డబ్బులు చేతికివ్వకుండా బల్ల మీద పడేస్తాం. మాల్‌లో స్టిక్కర్ మీద రాసినంతా నోరెత్తకుండా కట్టి, బయటికొచ్చి తోపుడుబండి దగ్గర కొత్తిమీర కట్టకి రెండు రూపాయల కోసం గీసి గీసి బేరమాడతాం. హోటల్‌వాళ్లు వంట ఆలస్యం చేస్తే, వానలో తడుస్తూ తెచ్చిన కుర్రాడికి ఒక్క స్టార్ ఇస్తాం. ఆ ఒక్క స్టార్ అతని మరుసటి రోజు పని మీద పడుతుందని మనకి తెలుసు. మన అపార్ట్‌మెంట్లలో కొన్నిటిలో డెలివరీ కుర్రాళ్లు, పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కకూడదని కాగితం అంటించి ఉంటుంది. ఆ కాగితం అసోసియేషన్ మీటింగులో మనం చెయ్యెత్తి ఒప్పుకున్నదే. మాల్ గుమ్మం దగ్గర పంచె కట్టుకున్న పెద్దాయనని ఆపారని బాధపడి మెసేజ్ పంపే ఇంట్లోనే ఈ లిఫ్ట్ కాగితం ఉంటే, ఆ బాధకి విలువేముంది?

తెలంగాణలో ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సులు కిక్కిరిసిపోయి, కండక్టర్లని తిట్టిన, చెయ్యి చేసుకున్న ఘటనలు వీడియోల్లో చూశాం. సిబ్బంది మీద దాడులు చేయవద్దని అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ పదేపదే కోరవలసి వచ్చింది. సున్నా టికెట్టు మనిషిని చిన్నచూపు చూసే బస్సు, కండక్టర్ని కొట్టే బస్సు ఒకటే. అవమానం ఎటు వీలైతే అటు వెళుతుంది, ఎప్పుడూ తనకన్నా బలం తక్కువున్నవాడి వైపే వెళుతుంది.

షాపు సిబ్బంది సంగతీ అంతే. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు, డ్యూటీ గంటల్లో కాసేపు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి, సిబ్బందికి కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసింది. 2021లో తమిళనాడు అదే దారిలో నడిచింది. ఈ హక్కు కోసం చట్టం కావలసి రావడం ఎంత బాధాకరమో ఒకసారి ఆలోచించండి. కొనుగోలుదారు వచ్చేసరికి సిబ్బంది కూర్చుని కనపడితే మర్యాద తక్కువగా ఉంటుంది, గిరాకీ పోతుంది అనే మాట షాపుల వాళ్ల నోట తరచూ వింటాం. అంటే ఆ అమ్మాయిల కాళ్ల వాపు మన పేరు మీద వచ్చింది. మన షాపుల్లోనూ కౌంటర్ వెనక స్టూలు కనపడటం అరుదు. చీరల మడతలు విప్పుతూ వంగుతూ లేస్తూ రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే మనిషి, తొమ్మిదింటికి వచ్చిన హవాయి చెప్పుల మనిషిని విసుక్కుందంటే, ఆ విసుగులో మన వాటా కూడా ఉంది. సిబ్బందికి మర్యాద దక్కని చోట కొనేవాళ్లకి మాత్రం మర్యాద ఎక్కడి నుంచి వస్తుంది?

అందరినీ ఒకేలా చూసే చోట్లు మనకి లేకపోలేదు. హైదరాబాద్ పాత ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని ‘వన్ బై టూ’ చేసుకుని ఎంతసేపు కూర్చున్నా లేవమనేవాళ్లు కాదు. ఆటో నడిపేవాడు, యూనివర్సిటీ ప్రొఫెసరు ఒకే పాలరాతి బల్ల దగ్గర కూర్చునేవాళ్లు. ఆ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటితో పాటు పోతున్నది చాయ్ ఒక్కటే కాదని నా బెంగ.

షాపులు, హోటళ్లు నడుపుతున్న శ్రోతలకి నా మనవి. గుమ్మం దగ్గర ఉన్నవాళ్లకి, బట్టలు చూసి ఎవరినీ ఆపకూడదని కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. నోటిమాట చాలదు, రేపు గొడవైతే ఆ కాగితం మీ గార్డుని కూడా కాపాడుతుంది. రేటు అడిగే ముందు ఏం కావాలో అడగమని సిబ్బందికి చెప్పండి. కొనకుండా వెళ్లిన మనిషిని లెక్కల్లో నష్టంగా రాయకండి. కౌంటర్ వెనక ఒక స్టూలు వేయించండి.

కొనడానికి వెళ్లే మనందరికీ ఒకటే మాట. ఈ వారం మీ అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర అలాంటి కాగితం ఉంటే తీసేయించండి. ఎక్కడైనా గుమ్మం దగ్గర ఎవరినైనా ఆపడం మీ కంటపడితే, పక్కకి తప్పుకుని లోపలికి వెళ్లిపోకండి. అతని దగ్గర డబ్బుందో లేదో మీకు తెలియనక్కర్లేదు. అక్కడే నిలబడి, ఏ నియమం ప్రకారం ఆపారో చెప్పమని అడగండి.